అక్క చెంప మీద మిగిలిన రంగు

కెనడాలో సర్రీకి వచ్చిన కొత్తలో ఒకరింట్లో వ్రతానికి అక్కా నేనూ కలిసి వెళ్ళాం. ప్రసాదం పంచుతున్న ఆంటీ ఒకావిడ అక్క వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ సొంత అక్కచెల్లెళ్ళేనా అండీ? అక్కగారు దబ్బపండులా ఉన్నారు. మీరేమో కాస్త..." అంటూ ఆగింది. ఆవిడ ఆగిన చోట ఏ మాట ఉంటుందో నాకు బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. నాకు ముక్కు మీద కోపం. నేను నోరు తెరిచేలోపే అక్క నా మోచెయ్యి గట్టిగా నొక్కి, "మా చెల్లిది మా నాన్న పోలికండీ" అని నవ్వేసి, ప్రసాదం ఇంకాస్త పెట్టించుకుంది.

ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. అక్క ఎడమ చెంప వైపు వంగి చూసి, "ఆ మంగు మచ్చ ఒక్కటీ లేకపోతే ఇంక చెప్పక్కర్లేదు. ఎర్ర కందిపప్పు నానబెట్టి, రుబ్బి రాయండి. నెల తిరిగేసరికి పోతుంది" అని సలహా కూడా ఇచ్చింది. అక్క తల ఊపింది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను.

కారెక్కి తలుపు వేసుకున్నాక అడిగాను. "ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పనే? ఇది తెలుపు కాదండీ, బొల్లి అనా? చేతిలో ప్రసాదం ఉన్న మనిషితో?"

"ఉంటే ఉంది. ఆవిడకి తెలియాలి కదా."

"పోనీలే. ఇన్నాళ్ళకి ఒకరు నన్ను చూసి ముచ్చటపడ్డారు. ఒక్క పూట ఉండనీ."

నవ్వుతూనే అంది ఆ మాట. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూస్తే కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. నేను వైపర్ల స్పీడ్ పెంచాను.

ఆ ఆంటీ మంగు మచ్చ అన్నదే అక్క అసలు చర్మం. మిగిలిన తెలుపంతా జబ్బు. ఏలూరులో ఉండగా, అక్కకి ఇరవై దాటాక, పెదవి పక్కన బియ్యపుగింజంత మచ్చగా మొదలైంది. తర్వాత కళ్ళ చుట్టూ, వేళ్ళ చివర్లలోనూ, మెడ మీదా. పెళ్ళిచూపుల కథలు నేను చెప్పను. తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఎలా జరిగి ఉంటాయో అలాగే జరిగాయి. అక్క ఒక రోజు పెట్టె సర్దుకుని, మస్కట్‌లో ఒక పెద్దావిడని చూసుకునే పనికి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి కెనడాకి కేర్‌గివర్‌గా వచ్చింది. ఇక్కడే ఉండిపోవచ్చని పీఆర్ వచ్చాక ఆ పని మానేసి, బట్టలు కుట్టడం మొదలుపెట్టింది. మా ఆయన ఉద్యోగం పేరు చెప్పుకుని నేను వచ్చింది ఆ తర్వాత ఎప్పటికో. ఎయిర్‌పోర్ట్‌లో అక్కని నేను గుర్తుపట్టలేదు. తనే వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. అప్పటికి తెల్లమచ్చలన్నీ కలిసిపోయి మొహమంతా ఒకటే తెలుపు. ఎడమ చెంప ఎముక కింద మాత్రం రూపాయి కాసంత మేర మా అమ్మ ఇచ్చిన గోధుమ రంగు మిగిలింది.

ఇక్కడి మనవాళ్ళెవరూ అక్కని ముందు చూడలేదు. పుట్టుకతోనే అలా ఉందనుకున్నారు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే పంజాబీ ఆంటీలూ అంతే, తెలుగు ఆంటీలూ అంతే. తెల్లటి మనిషి, పాపం చెంప మీద నల్ల మచ్చ అనేవాళ్ళు. ఒకావిడ ఏదో క్రీమ్ ట్యూబు కూడా తెచ్చి ఇచ్చింది. అక్క తీసుకుని, థాంక్స్ చెప్పి, మిషన్ సొరుగులో పడేసింది.

మా ఇంట్లో రంగు లెక్క వేరేగా ఉండేది. చిన్నప్పుడు మా మేనత్త తేల్చేసింది: పెద్దది చామనఛాయ, చిన్నది నలుపు. ఇంక దానికి తిరుగు లేదు. పండక్కి బట్టలు తీసేటప్పుడు అక్కకి లేత రంగులు, నాకు "దీనికి ఏదైనా ఒకటేలే" అని మిగిలిన ముక్క. అక్క తన గుడ్డ తెచ్చి నా ఒడిలో వేసి, నా ముక్క తను లాక్కునేది. "నాకూ దానికీ తేడా ఏం ఉంది?" అని మేనత్త మీదికి వెళ్ళేది. నా మీద జాలితో అంటోందనుకుని నాకు ఇంకా ఒళ్ళు మండేది. అక్క నాకంటే ఒక మెట్టు తెలుపు అన్నది మా ఇంటి నంబరు లాగా నాకు ఎప్పుడూ తెలిసిన విషయం. సందేహమే రాలేదు.

నేను ఇక్కడ ఒక హార్డ్‌వేర్ షాపులో పెయింట్ కౌంటర్‌లో పని చేస్తాను. ఇదే రంగు కావాలంటూ గోడ నుంచి పెచ్చు ఊడదీసుకుని వస్తారు జనం. మెషీన్ కింద పెడితే అది లెక్క చెబుతుంది, ఆ లెక్కన రంగులు కలిపి డబ్బా ఊపి ఇస్తాం. రోజంతా రంగుల్లో ఉన్నా బొమ్మ మాత్రం ఇండియాలో డ్రాయింగ్ పరీక్షలు రాసిన తర్వాత ఎప్పుడూ వెయ్యలేదు. మా అమ్మాయి యూనివర్సిటీకి వెళ్ళాక ఇల్లు బావురుమంటోందని, కమ్యూనిటీ సెంటర్‌లో పాతకాలపు పెయింటింగ్ పద్ధతులు నేర్పుతారంటే చేరాను. టీచర్ బాగా పెద్దావిడ. మ్యూజియంలలో పాడైపోయిన బొమ్మలు బాగుచేసే పని చేసి రిటైర్ అయింది.

బరోక్ అంటారట ఆ కాలాన్ని. యూరప్‌లో, నాలుగు వందల ఏళ్ళ కిందటి సంగతి. గదిలో లైట్లు ఆపి తెర మీద ఒక్కో బొమ్మా చూపించింది ఆవిడ. అన్నీ చీకటి గదుల్లో మనుషులు. ఎక్కడో పక్కన ఒక్క కిటికీ ఉన్నట్టు చెంప మీద, చేతి మీద వెలుగు, తక్కినదంతా మసక. మనం గోడకి ముందు సున్నం వేసి దాని మీద రంగు వేస్తాం. వాళ్ళు బట్టకి ముందే గోధుమ రంగు మట్టి పట్టించి, ఆ మట్టిలోంచి మనిషిని పైకి తీసేవాళ్ళు. నీడ ఉండాల్సిన చోట రంగు పల్చగా ఉంచి కింది మట్టినే కనపడనిచ్చేవాళ్ళు. వెలుగు పడే చోట మాత్రం సీసపు తెలుపు దట్టంగా పెట్టేవాళ్ళు. గోధుమ రంగు అడుగున ఉండి అంత పని చెయ్యడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పుట్టి ఇన్నేళ్ళయినా ఆ రంగుని ఎవరూ అలా మెచ్చుకోగా వినలేదు.

తర్వాత ఆవిడ చచ్చిపోయిన రంగుల గురించి చెప్పింది. ఒక బొమ్మలో బూడిద రంగు గుడ్డ కప్పుకున్న ఆవిడ ఉంది. అది బూడిద రంగు కాదట, ఒకప్పుడు మంచి నీలం. నీలం గాజుని పొడి చేసి నూనెలో కలిపి వేసేవాళ్ళట, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నీలం వెలిసిపోయిందట. ఇంకో బొమ్మలో చెట్ల ఆకులు నీలంగా ఉన్నాయి. నీలం మీద పూల నుంచి తీసిన పసుపు పూసి ఆకుపచ్చ చేశారట. వెలుతురు తగిలి పసుపు ఎగిరిపోయింది, కింది నీలం ఒక్కటే మిగిలింది. "మనం ఇప్పుడు చూస్తున్నది వాళ్ళు వేసిన బొమ్మ కాదు" అంది ఆవిడ. పురుగుల నుంచీ పూల నుంచీ తీసినవి పోతాయి, మట్టి నుంచి తీసినవి పోవు అని కూడా చెప్పింది. పసుపు మట్టి, గోధుమ మట్టి, మనం జేగురు అనే ఎర్రమట్టి.

ఆ వారం బేస్‌మెంట్‌లో అక్క దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాను. మా ఇంటి బేస్‌మెంట్‌లోనే ఉండేది అక్క. కిటికీ కింద మిషన్, గోడంతా దారపు రీళ్ళు. చీరకి ఫాల్ కుడుతూ విన్నది, దారం పంటితో తెంపింది.

"అయితే బొమ్మలకీ బొల్లి వస్తుందన్నమాట."

"అక్కా."

"ఉన్నమాటేగా. మట్టి రంగులు మాత్రం పోవా?"

"పోవంది."

చీర పక్కన పెట్టింది. "అయితే నన్ను వెయ్యవే. ఇదిగో, ఈ రంగులో." చెంప మీద మచ్చని వేలితో చూపించింది. "మొహమంతా ఇదే రంగులో వెయ్యి. ఇది కూడా పోతోంది. మొన్న డాక్టర్ చూసి, ఇంక ఎక్కువ కాలం ఉండదన్నాడు. ఇది కూడా పోతే నేనెలా ఉండేదాన్నో నాకే గుర్తుండదు. పోయేలోపు పట్టుకో."

నేను ఒప్పుకోలేదు. కొత్తగా నేర్చుకున్న తెలివి కదా, అంతా ఒలకబోశాను. ఆ చిత్రకారులు ఉన్నది ఉన్నట్టు వేసేవాళ్ళు తెలుసా, ముడతలు వేశారు, బిచ్చగాళ్ళ మట్టికాళ్ళు వేశారు, నిన్నూ అలాగే ఉన్నదున్నట్టు వేస్తాను, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది అని ఉపన్యాసం ఇచ్చాను. అక్క అంతా విని, కళ్ళజోడు తీసి జాకెట్ అంచుతో తుడుచుకుంటూ అంది.

"ఉన్నది ఉన్నట్టు చూపించడానికి అద్దం ఉందిగా. దానికి నువ్వెందుకు?"

ఆ మాటకి ఒప్పుకుని, మర్నాడే మట్టి రంగులు కొనుక్కొచ్చాను.

రంగు పట్టుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. పలక మీద మట్టిరంగులు కలిపి అక్క చెంప పక్కన పెట్టి చూసేదాన్ని. బల్బు వెలుగులో సరిగ్గా కుదిరినట్టుండేది, కిటికీ దగ్గరికి వస్తే ఎర్రబడేది. ఇంకాస్త పసుపు మట్టి కలిపితే జబ్బు మనిషిలా పాలిపోయేది. షాపులో మెషీన్‌కి గోడ పెచ్చు చూపించినట్టు దీన్ని చూపించడానికి లేదు కదా. ఆఖరికి అక్కకి విసుగొచ్చింది.

"నువ్వు లే" అని రీళ్ళ పెట్టె తెచ్చుకుంది. గుడ్డకి దారం ఎలా చూస్తుందో అలాగే చూసింది. గుడ్డ మీద ఒక పోగు పరిచి చూడాలి, కనపడితే అది కాదు, కనపడకుండా పోతే అదే. గోధుమ రంగు రీళ్ళన్నీ తీసి ఒక్కో పోగూ మచ్చ మీద పరిచి, చేతి అద్దంలో చూసుకుంటూ, కాదు, కాదు అని పక్కన పడేసింది. ఒక పోగు పరిచాక చెయ్యి ఆపింది. నన్ను దగ్గరికి రమ్మంది. మచ్చకి అటు తెల్లచర్మం మీదా ఇటు తెల్లచర్మం మీదా దారం గీతలా కనపడుతోంది. మధ్యలో, మచ్చ మీద, దారం లేదు.

"ఇదీ. దీన్ని చూసి కలుపుకో. కాయితం మీద పెట్టి చూడకు, దారాన్ని ఎప్పుడైనా అది ఉండాల్సిన చోట పెట్టే చూడాలి" అని రీలు నా చేతిలో పెట్టింది. బొమ్మ నిలబెట్టే ఈజిల్ పక్కన కిటికీ గట్టు మీద పెట్టుకున్నాను.

శీతాకాలమంతా ఆదివారాలు కూర్చుంది అక్క. నాకు షాపు లేని రోజు అదొక్కటే. సర్రీలో చలికాలం వెలుతురు అంతంత మాత్రమే. పొద్దున్న కాస్త తెరిపి, మధ్యాహ్నానికే వాన మసక. కానీ ఆ బొమ్మలకి అదే కావలసింది. ఒక్క కిటికీ, ఒక్క పక్క నుంచి వెలుగు. అక్కకి అమ్మ పాత పట్టుచీర కట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి, గోధుమ మట్టి పట్టించిన బట్ట మీద ముందు బూడిద, నలుపు, తెలుపుల్లోనే మొహం మొత్తం దిద్దాను. పద్ధతి అది. వెలుగూ నీడా కుదిరాక, అది బాగా ఆరాక, దాని మీద పల్చగా చర్మం రంగు పొరలు పొరలుగా ఎక్కించాలి. ఆ మొదటి దశకి వాళ్ళ భాషలో ఒక పేరుంది, అందులో చావు అనే మాట ఉంది. క్లాసులో విని రాసుకోకుండా వదిలేశాను.

అక్క లేచి వచ్చి చూసి, "శవంలా ఉన్నానేంటే" అంది.

"నోరు మంచిదైతే... రంగులు పైన వస్తాయి. ముందు ఇది ఆరాలి."

"ఎప్పటికి ఆరుతుంది?"

"ఈ వానల్లో అవిసె నూనె తొందరగా ఆరదు. తడి మీద వేస్తే తర్వాత పగుళ్ళు వస్తాయి. కూర్చో."

కూర్చునేది, కానీ ఊరుకునేది కాదు. నా మొహంలోకే చూస్తూ కూర్చునేది. నేను కళ్ళు చికిలించి అక్క చెంప మీద మచ్చ వంక చూస్తుంటే, తను రెప్ప వెయ్యకుండా నా వంక చూసేది. నాకు నవ్వొచ్చేది. "అలా చూడకు, గీత వంకర పోతోంది."

"ఎటు చూడమంటావ్ మరి? ఎదురుగా ఉన్నది నువ్వేగా."

"కదలకు అక్కా."

"కదల్లేదు. అసలు ఈ పాట్లన్నీ ఎందుకే? నీ మొహం చూసుకుని వేసెయ్యరాదూ. దారం కూడా దండగ."

"ఎగతాళి చెయ్యకు. నీదీ నాదీ ఒకటేనా?"

"కాదని ఎవరు చెప్పారు?"

"అత్త చెప్పింది, ఊరంతా చెప్పింది. అన్నీ మర్చిపోయినట్టు మాట్లాడకు."

అక్క పమిట సర్దుకుంది. "అత్తకి శుక్లాలుండేవి పాపం" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. బొమ్మలో పెదవి దగ్గర ఆ రోజు కాస్త వంకర వచ్చింది, అది దిద్దకుండా ఉంచేశాను.

మచ్చ మాత్రం చిన్నదవుతోంది. వారం వారం చూసే నాకే తెలుస్తోంది. ఫిబ్రవరికి బఠాణీ గింజంత అయింది. బూడిద పొర ఇంకా పూర్తిగా ఆరలేదు, వేలు పెడితే కాస్త అంటుకుంటోంది. రంగు అప్పుడే మొదలుపెట్టనా అని టీచర్ని అడిగాను. ఇంకో రెండు వారాలు ఆగమంది. ఆగాను.

ఒక సోమవారం పొద్దున్న నేను షాపుకి బయల్దేరుతుంటే కింద మిషన్ చప్పుడు వినపడలేదు. నిద్రపోతోందేమో అనుకున్నాను. షూస్ వేసుకున్నదాన్ని మళ్ళీ విప్పి కిందికి దిగాను. మంచం మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది, ఒళ్ళు చల్లగా ఉంది. గుండె ఆగిపోయిందన్నారు తర్వాత. అంతకుముందు ఒక్క రోజు కూడా గుండె సంగతి ఎత్తిన మనిషి కాదు. నాకు ఆ పూట ఏమేం జరిగిందో వరస తెలియదు. అంబులెన్స్ వాళ్ళు అక్క వయసు అడిగితే మా అమ్మ వయసు చెప్పానట.

ఫ్యూనరల్ హోమ్‌లో మమ్మల్ని ముందు గదిలో కూర్చోబెట్టి, తర్వాత లోపలికి పిలిచారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. పంతులుగారు సామాను సర్దుకుంటున్నారు. నేనిచ్చిన పట్టుచీర చక్కగా కట్టారు, జుట్టు నున్నగా దువ్వారు. అలంకరణ చేసినమ్మాయి పక్కన నిలబడి ఉంది, చిన్నపిల్ల, మెత్తటి గొంతు. "చెంప మీద చిన్న మరక ఉంటే కనపడకుండా చేశాను. ఇప్పుడు చాలా ప్రశాంతంగా ఉన్నారు" అంది ఇంగ్లీషులో.

చూశాను. మచ్చ లేదు. దాని మీద తెల్లటి పూత వేసి, చుట్టూ ఉన్న తెలుపుతో కలిపేసింది. మొహమంతా ఒకటే రంగు. దబ్బపండు.

ఇంకెప్పుడైనా అయితే ఆ గది కప్పు ఎగిరిపోయేలా అరిచేదాన్ని. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. మంచి చేద్దామనే చేసింది, ఆ ఆంటీ కందిపప్పు చెప్పినట్టే. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టిష్యూ తీసి, నీళ్ళతో తడిపి, అక్క చెంప తుడవడం మొదలుపెట్టాను. మా ఆయన వెనక నుంచి, "ఏం చేస్తున్నావ్, వదిలెయ్" అన్నారు. "మీరు మాట్లాడకండి" అన్నాను. పంతులుగారు తల తిప్పుకున్నారు. ఒక టిష్యూ అయిపోయాక మా అమ్మాయే ఇంకోటి తడిపి ఇచ్చింది. పూతంతా పోయింది, మచ్చ బయటపడింది. కానీ అది నేను ఆదివారాలన్నీ చూసిన రంగు కాదు. లోపల రక్తం లేదు కదా. మబ్బు పట్టినట్టు, మట్టిలో బూడిద కలిపినట్టు ఉంది. ఉన్న ఒక్క ఆనవాలూ పోయిందని నాకు అప్పుడు తెలిసింది. అక్కడే కింద కూలబడి ఏడ్చాను.

తర్వాత బొమ్మని గోడ వైపు తిప్పి పెట్టేశాను. క్లాసుకి వెళ్ళడం మానేశాను. షాపులో మాత్రం రోజూ డబ్బాలు ఊపి తెలుపులు అమ్మాను. ఈ దేశంలో తెలుపులోనే ఎన్ని రకాలో, ఒక్కోదానికి ఒక్కో పేరు. గుడ్డుపెంకు, ముత్యం, కొత్త మంచు. గోధుమ రంగు కావాలని గోడకి ఎవరూ అడగరు. అప్పుడప్పుడు కంచెకి అడుగుతారు.

వేసవి సెలవులకి వచ్చిన మా అమ్మాయి ఒక రోజు బేస్‌మెంట్ సర్దుతూ బొమ్మని ఇటు తిప్పింది. బూడిద రంగు మొహం, వంకర నవ్వు, చూపు సూటిగా నా మీదే. "అమ్మా, ప్లీజ్ ఫినిష్ ఇట్" అంది. "పెద్దమ్మ నెవర్ వాంటెడ్ టు బీ గ్రే."

"దేన్ని చూసి వెయ్యనే?"

ఫోన్‌లో ఫొటోలు వెతికింది. అక్క ఫొటోలకి దొరికే రకం కాదు, దొరికిన నాలుగైదింటిలోనూ మచ్చ ఒక్కోదానిలో ఒక్కో రంగు. ఒకచోట ఎరుపు, ఒకచోట దాదాపు నలుపు, పుట్టినరోజుది ఏదో ఫిల్టర్ పెట్టి తీసిందట, అందులో అసలు లేనే లేదు. ఇంక మిగిలింది దారపు రీలు. గట్టు మీదే ఉంది, నేను పెట్టిన చోటే. వేసవి ఎండంతా దాని మీదే పడింది. కిటికీ వైపు ఉన్న దారం వెలిసి, గది వైపు ఉన్నదానికీ దానికీ తేడా కంటికి తెలుస్తోంది. టీచర్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది, వెలుతురు రంగుని తింటుందని. తెలిసి తెలిసి కిటికీలో పెట్టాను.

మా అమ్మాయి రీలు తీసుకుని, వెలిసిన దారమంతా విప్పడం మొదలుపెట్టింది. ఒడి నిండా దారం కుప్ప పడింది. లోపలికి వెళ్ళేకొద్దీ రంగు ముదురుతూ వచ్చి ఒకచోట ఆగింది. అక్కడి నుంచి ఒక పోగు తెంపి నాకిచ్చింది.

దాన్ని తెల్లకాయితం మీద పెట్టి చూశాను. ఏమీ తెలియలేదు. ఇదేనా, దీనికంటే ముదురా అని మనసు నిలవలేదు. కాయితం మీద పెట్టి చూడకు అని అక్క అన్న మాట గుర్తొచ్చింది. ఉండాల్సిన చోట పెట్టి చూడాలి. ఆ చోటు బూడిదై ఫ్రేజర్ నదిలో కలిసిపోయింది. పోనీ నా చర్మం మీద పెట్టి చూద్దాం, నాకంటే ఒక మెట్టు లేతగా కనపడుతుంది కదా, ఆ తేడాని బట్టి ఇదో కాదో అంచనా వేసుకోవచ్చు అనుకున్నాను. అంతకు మించి నాకు వేరే ఆలోచన లేదు.

అక్క చేతి అద్దం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, దారం నా ఎడమ చెంప మీద పరిచాను.

కనపడలేదు.

జారి పడిపోయిందేమో అనుకుని తడిమాను. వేలికి తగిలింది, ఉంది. కుడి చెంప మీద పెట్టాను. మెడ మీద పెట్టాను. కిటికీకి వీపు పెట్టి ఒకసారి, ఎదురుగా తిరిగి ఒకసారి చూశాను. మా అమ్మాయిని పిలిచి, "దారం ఎక్కడుందో చూపించు" అన్నాను. అది దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, "వేర్? ఐ డోంట్ సీ ఎనీథింగ్" అంది.

మేనత్త తేల్చిన రంగు, ఊరు ఒప్పుకున్న రంగు, నేను బతుకంతా మోసిన రంగు, అన్నీ ఆ పోగు దగ్గర అబద్ధమైపోయాయి. మా ఇద్దరిదీ ఒకటే. ఎప్పుడూ ఒకటే. చిన్నప్పుడు గుడ్డముక్కల దగ్గర అక్క చెప్పింది, మొన్న కుర్చీలో కూర్చుని చెప్పింది, నేనే ఎగతాళి అనుకున్నాను. ఆదివారాలన్నీ నేను అక్క చెంప మీద బఠాణీ గింజంత చోటు కోసం కళ్ళు చికిలించుకుంటుంటే, తను పోగొట్టుకున్న మొహమంతా ఎదురుగా పెట్టుకుని రెప్ప వెయ్యకుండా చూసుకుంది. అందుకే విసుక్కోకుండా కూర్చుంది. నేను అది తెలుసుకునేసరికి కుర్చీ ఖాళీ అయింది.

బూడిద పొర ఎప్పుడో గట్టిగా ఆరిపోయింది. ఈజిల్‌ని కిటికీ పక్కకి జరిపి, పైనుంచి పెద్ద అద్దం తెచ్చి అక్క కుర్చీలో నిలబెట్టాను. జేగురు, పసుపు మట్టి, కాస్త గోధుమ మట్టి తీసి అవిసె నూనెలో కలిపాను. ఈసారి దారం అక్కర్లేకపోయింది. కుంచె ముంచి తలెత్తితే అద్దంలో మొహం ఏడుపుతో ఒకచోట నిలవడం లేదు.

"కదలకు అక్కా" అన్నాను.